ఎర్ర మృత్యువు లోపలికి ఎప్పుడు వచ్చింది? పో కథలోని ప్రతీకలపై ఒక పరిశీలన

ఎడ్గార్ ఎలన్ పో రాసిన 'ద మాస్క్ ఆఫ్ ద రెడ్ డెత్' చాలా చిన్న కథ. ఒంట్లో రక్తమంతా చెమటలా బయటికి చిమ్మి, అరగంటలో మనిషిని చంపే మహమ్మారి ఒక రాజ్యాన్ని ఊడ్చేస్తూ ఉంటుంది. ప్రాస్పెరో అనే రాజు ఆరోగ్యంగా ఉన్న వెయ్యిమంది స్నేహితులను వెంటబెట్టుకుని, కోట వంటి ఒక మఠంలో చేరి, ఇనుప తలుపుల గడియలను లోపలినుంచి కొలిమి పెట్టి అతికించేస్తాడు. అయిదారు నెలల తర్వాత ఏడు గదుల్లో ముసుగుల విందు జరుపుతాడు. అర్ధరాత్రి ఆ రోగం వేషంలో ఒక ఆకారం కనిపిస్తుంది. బాకు దూసి దాని వెంటబడిన రాజు చనిపోతాడు. ఆ తర్వాత అందరూ చనిపోతారు.

ఈ కథను అన్యాపదేశంగా, అంటే ఒకటి చెబుతూ మరొకటి సూచించే రచనగా, చదవడం చాలాకాలంగా ఉన్నదే. అయితే ఏ ప్రతీక దేనిని సూచిస్తుందన్న విషయంలో వ్యాఖ్యాతలకు ఏకాభిప్రాయం లేదు. పాఠం స్వయంగా చెబుతున్నదెంత, చదివేవారు చేరుస్తున్నదెంత అని వేరుచేసి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. అందుకోసం ముందు ముద్రణలను, ఆ తర్వాత మూలాలను, ఆపైన కథలోని ఒక్కొక్క వస్తువును పరిశీలించవలసి ఉంటుంది.

1. పాఠం, ముద్రణలు

ఈ కథ మొదట 1842 మే నెల 'గ్రాహమ్స్' పత్రికలో అచ్చయింది. అప్పుడు పేరు కింద 'ఒక ఊహాకల్పన' అనే అర్థమిచ్చే ఉపశీర్షిక ఉంది. పో సవరించిన పాఠం 1845 జులై 19న 'బ్రాడ్‌వే జర్నల్'లో వచ్చింది. ఈ రెండో ముద్రణలో ఉపశీర్షిక పోయింది. పేరులో 'మాస్క్' అన్న మాట అక్షరక్రమం కూడా మారింది. మొదటిది ముఖానికి పెట్టుకునే తొడుగును చెప్పే మాట. రెండోది ముసుగులతో సాగే దర్బారు వేడుకను, ఆ నాటకరూపాన్ని కూడా చెప్పగల మాట.

ఈ మార్పుకు కారణం పో ఎక్కడైనా చెప్పినట్లు కనిపించదు కనుక దీనిపై పెద్ద సిద్ధాంతం కట్టడం మంచిది కాదు. అయినా ఒక సంగతి గమనించదగ్గది. షేక్‌స్పియర్ 'టెంపెస్ట్' నాటకం నాలుగో అంకంలో ప్రాస్పెరో అటువంటి వేడుకనే ఏర్పాటు చేసి, మధ్యలో తానే ఆపేస్తాడు. పో కథలో రాజు పేరు కూడా ప్రాస్పెరోయే. కొత్త అక్షరక్రమం కథను ఆ నాటకానికి మరింత దగ్గర చేసిందనడం వరకు సమంజసం. పో ఉద్దేశం కూడా అదేనని చెప్పడానికి ఆధారం చాలదు.

2. మూలాలు: నాలుగు అవకాశాలు

(అ) పాఠం తానే పేరు పెట్టి చెప్పే మూలం ఒక్కటే, విక్టర్ హ్యూగో నాటకం 'ఎర్నానీ'. ముసుగుల విందులోని ఆడంబరాన్ని వర్ణిస్తూ కథకుడు, ఆ తర్వాతి కాలంలో ఆ నాటకంలో కనిపించినటువంటి వింతలు అక్కడ చాలా ఉన్నాయంటాడు. ఆ నాటకం పారిస్‌లో 1830 ఫిబ్రవరి 25న తొలిసారి ప్రదర్శితమైంది. దాని చివరి అంకంలో పెళ్ళి విందుకు నల్లని ముసుగు వేషంలో వచ్చిన వ్యక్తి పెళ్ళికొడుకు ప్రాణాన్ని బాకీగా అడుగుతాడు. విందులో మృత్యుదూత అనే కల్పనకు ఇది బలమైన పూర్వరూపం.

(ఆ) 'టెంపెస్ట్' మొదటి అంకంలో కాలిబన్, ప్రాస్పెరోకు ఎర్ర మహమ్మారి తగలాలని శపిస్తాడు. రాజు పేరు, రోగం రంగు రెండూ ఒకే నాటకంలో, శపించేవాడు, శాపం తగలవలసినవాడు అన్న సంబంధంతో దొరకడం యాదృచ్ఛికమని కొట్టిపారేయడం కష్టం.

(ఇ) 1832 వసంతంలో పారిస్‌ను కలరా ముంచెత్తింది. గంగానది ముఖద్వార ప్రాంతంనుంచి బయలుదేరి ఖండాలు దాటిన రోగమది. ఆ రోజుల్లో పారిస్‌లో ఉన్న అమెరికన్ రచయిత ఎన్.పి. విల్లిస్ ఒక ముసుగుల నృత్యాన్ని గురించి 'న్యూయార్క్ మిర్రర్'కు రాశాడు. అస్థిపంజరంవంటి కవచం, రక్తపు కళ్ళతో చాలా పొడుగైన ఒక మనిషి సాక్షాత్తూ కలరా వేషం కట్టి తిరిగాడన్నది అందులోని విషయం. జర్మన్ కవి హైనే కూడా అదే ఏడాది పారిస్ ముసుగుల వేడుకల మధ్య కలరా విరుచుకుపడిన తీరును రాశాడు. పో ఆ పత్రికను చూసి ఉండటానికి అవకాశం ఎక్కువ. విల్లిస్‌తో తర్వాతి కాలంలో కలిసి పనిచేసినవాడు కూడా. చూశాడనడానికి మాత్రం నేరుగా సాక్ష్యం చూపలేం.

(ఈ) పో భార్య వర్జీనియాకు 1842 జనవరిలో పాడుతుండగా నోటివెంట రక్తం పడింది. క్షయ రోగానికి అది తొలి సూచన. రక్తనాళం తెగిందని పో 1848 జనవరి 4 నాటి ఒక ఉత్తరంలో రాశాడు. కథ అచ్చయింది ఆ సంఘటన తర్వాత కొద్ది నెలలకే. ఈ కాలసామీప్యాన్ని పట్టుకుని ఎర్ర మృత్యువంటే క్షయేనని చెప్పేవారున్నారు. కాలసామీప్యం సాధ్యతను పెంచుతుందే తప్ప రుజువు కాదు. కథలోని రోగలక్షణాలు అటు కలరాతోనూ, ఇటు క్షయతోనూ సరిపోవు. కలరాలో రక్తం చిమ్మదు. క్షయ అరగంటలో ముగిసేది కాదు.

కనుక ఎర్ర మృత్యువు ఏ వ్యాధి అన్న ప్రశ్నకు ఒకే జవాబు వెతకడం నిష్ఫలమని తోస్తుంది. రచయిత నిజమైన రోగాలనుంచి భయాన్ని తీసుకుని, లక్షణాలను తన అవసరానికి మలచుకున్నాడనుకోవడం మేలు.

3. హాథార్న్ వివాదం

మూలాల చర్చలో తరచు పక్కకు పోయే విషయం ఇది. కథ అచ్చయిన 1842 మే సంచికలోనే నథానియేల్ హాథార్న్ కథల సంపుటిపై పో సమీక్ష కూడా ఉంది. హాథార్న్ రాసిన 'హవ్స్ మాస్కరేడ్' కథలో ఒక భాగం తన 'విలియం విల్సన్'ను పోలి ఉందని పో అందులో ఆక్షేపించాడు. తేదీలు ఈ ఆక్షేపణకు అనుకూలంగా లేవు. హాథార్న్ కథ 1838లో ఒక పత్రికలో వచ్చింది. 'విలియం విల్సన్' 1839లో వచ్చింది.

హాథార్న్ కథలో ముట్టడిలో ఉన్న బోస్టన్ నగరంలో ఆంగ్ల సేనాని ముసుగుల విందు ఇస్తాడు. చివర ముసుగు కప్పుకున్న ఒక ఆకారం నడిచి వస్తుంది. సేనాని కత్తి దూసి ఎదురు వెళతాడు. ఆకారం ముసుగు తొలగించగానే నిశ్చేష్టుడై కత్తి జారవిడుస్తాడు. ముట్టడి, విందు, ఆగంతకుడు, దూసిన ఆయుధం, అది చేజారడం అనే వరుస మొత్తం పో కథలో ఉంది. రాబర్ట్ రీగన్ 1970లో ఈ పోలికలను చర్చిస్తూ, ఆ ఆరోపణ వెనక పో తెలిసి చేసిన చమత్కారం ఉందని వాదించాడు. పో మనసులో ఏముందో చెప్పడం సాధ్యం కాదు. ఆ సమీక్షా, తన కథా ఒకే సంచికలో ఉన్నందున, కథను అచ్చుకిచ్చే నాటికి హాథార్న్ కథ అతని ముందుందనడం మాత్రం దాదాపు నిశ్చయం.

ఈ వివాదానికీ ప్రతీకల చర్చకూ సంబంధముంది. హాథార్న్ కథలో ముసుగు కింద సేనాని చూసింది తన రూపాన్నేనని సూచన. పో కథలో ముసుగు కింద ఏమీ లేదు. అరువు తెచ్చుకున్న సన్నివేశంలో రచయిత ఏది మార్చాడన్నది అతని లక్ష్యానికి మంచి గుర్తు.

4. ఏడు గదులు

గదుల వరుసను పాఠం స్పష్టంగా ఇస్తుంది. తూర్పు కొసన నీలం, తర్వాత ఊదా, ఆకుపచ్చ, నారింజ, తెలుపు, వంగపండు రంగు, పడమటి కొసన నలుపు. మొదటి ఆరింటిలో కిటికీ అద్దాల రంగు గది రంగే. ఏడోదానిలో మాత్రం గోడలు, తివాచీ నల్లనివి, అద్దాలు నెత్తురు రంగువి. ఇరవై ముప్ఫై గజాలకొక మలుపు ఉండటంతో ఒకచోట నిలబడితే ఒకటికి మించి గదులు సరిగా కనిపించవు. దీనిపై వచ్చిన వ్యాఖ్యలను నాలుగు రకాలుగా విభజించవచ్చు.

(అ) మనిషి జీవితంలోని ఏడు దశలు. వాల్టర్ బ్లెయిర్ 1944లో, హెచ్.హెచ్. బెల్ 1973లో ఈ దిశలో వ్యాఖ్యానించారు. తూర్పునుంచి పడమరకు సాగే దారి, చివర నలుపు, ఆగంతకుడు గదులను వరుస తప్పకుండా దాటడం దీనికి అనుకూలం. అయితే నీలం పుట్టుకనూ నారింజ నడివయసునూ సూచిస్తాయనడానికి పాఠంలో ఆధారం లేదు. రెండో గది, ఆరో గది రంగులు దాదాపు ఒకటే కావడం కూడా ఒక ఇబ్బంది.

(ఆ) ఒక దినం. సూర్యగమనం దిక్కులకు సరిపోతుంది, రంగులకు సరిపోదు.

(ఇ) క్రైస్తవ సంప్రదాయంలోని ఏడు మహాపాపాలు. ఇక్కడ సంఖ్య తప్ప మరేదీ కలవడం లేదు.

(ఈ) ఇంద్రధనుస్సు. పరీక్షించి చూస్తే నీలం, ఆకుపచ్చ, నారింజ, వంగపండు మాత్రమే కలుస్తాయి. తెలుపు, నలుపు ఆ వరుసలోవి కావు. ఎరుపు గోడలపై లేదు, అద్దాల్లో మాత్రమే ఉంది. పసుపు అసలే లేదు.

దీన్నిబట్టి దిక్కుకూ క్రమానికీ పాఠం అర్థం ఇస్తోందని, ఒక్కొక్క రంగుకు విడిగా ఇవ్వడం లేదని అనుకోవలసి వస్తుంది. దారి ప్రతీక. మొదటి ఆరు రంగులు బహుశా వైవిధ్యం కోసం పెట్టినవి. ఏడో గదిలో మాత్రం రచయిత నియమాన్ని కావాలనే తప్పించాడు కనుక అక్కడి నలుపునూ ఎరుపునూ అలంకారమని వదిలేయలేం.

5. దీపాల ఏర్పాటు

ఈ చిన్న వివరానికి దక్కవలసినంత శ్రద్ధ దక్కలేదనిపిస్తుంది. ఆ గదుల్లో దీపాలు గాని కొవ్వొత్తులు గాని లేవు. బయటి నడవాల్లో ప్రతి కిటికీకి ఎదురుగా ముక్కాలి పీటపై నిప్పుల కుంపటి ఉంటుంది. ఆ వెలుగు రంగు అద్దాల్లోంచి లోపలికి పడుతుంది. ఏడో గదిలో అడుగుపెట్టినవారి మొహాలు ఆ ఎర్రని వెలుగులో చూడలేనంత భయంకరంగా మారతాయి కనుక ధైర్యం చేసి వెళ్ళేవారు తక్కువని కథకుడు చెబుతాడు.

దీని పక్కన మొదటి పేరాలోని రోగవర్ణనను పెట్టి చూడాలి. శరీరంపై, ముఖ్యంగా మొహంపై కనిపించే ఎర్రని మచ్చలే రోగిని తక్కినవారికి దూరం చేసే గుర్తులు. అంటే ఆగంతకుడు రాకముందే, ఆ గదిలోకి వెళ్ళిన ప్రతి మనిషి మొహానా ఆ రంగు పడుతూనే ఉంది. గదుల అలంకరణ చాలా మటుకు రాజు ఆదేశాలమీదే జరిగిందని పాఠం విడిగా చెబుతోంది. ఈ రెండు వాక్యాలనూ కలిపి పో ఎక్కడా మూడో వాక్యం రాయలేదు. కలపవలసిన పని పాఠకుడికి వదిలాడని ఊహించవచ్చు.

6. గడియారం, పన్నెండు గంటలు

ఏడో గది పడమటి గోడకు నల్లచేవ కర్రతో చేసిన పెద్ద గడియారం ఉంటుంది. గంట కొట్టినప్పుడల్లా వాద్యగాళ్ళు ఆగిపోతారు, నర్తకులు నిలిచిపోతారు, వయసు మళ్ళినవారు నుదుటిమీద చెయ్యి వేసుకుంటారు. ధ్వని ఆగగానే అందరూ నవ్వుకుంటారు, వాద్యగాళ్ళు మళ్ళీ ఇలా చలించకూడదని ఒట్టు పెట్టుకుంటారు. మూడువేల ఆరువందల సెకన్లు గడిచాక అదే మళ్ళీ జరుగుతుంది. గంటను సెకన్లలో లెక్కగట్టి చెప్పడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. గడియారం కాలానికీ, కాలం ద్వారా మరణానికీ గుర్తన్న వ్యాఖ్యకు పాఠంలో గట్టి ఆధారముంది. చివరి మనిషి ప్రాణంతోపాటు గడియారం ప్రాణమూ పోయిందని కథ చివర ఉండటం అందుకు తోడ్పడుతుంది.

అర్ధరాత్రి ఘట్టం ఇంతకన్నా ముఖ్యమైనది. సాధారణంగా కథాసంగ్రహాల్లో 'పన్నెండు కొట్టగానే ఎర్ర మృత్యువు వచ్చింది' అని రాస్తారు. పాఠం అలా చెప్పడం లేదు. అక్కడున్న తర్కాన్ని విడదీస్తే ఇలా ఉంటుంది.

(అ) పన్నెండు దెబ్బలు కావడంతో సంగీతం ఎక్కువసేపు ఆగింది.

(ఆ) ఆలోచనాపరులకు ఆలోచించుకునే వ్యవధి ఎక్కువ దొరికింది.

(ఇ) ఆ వ్యవధిలో చాలామంది, అంతవరకు ఎవరి దృష్టికీ రాని ఒక ముసుగు ఆకారాన్ని గమనించారు.

ఇక్కడ చెప్పింది కనిపించడం గురించి. రాక గురించి ఏమీ చెప్పలేదు. ఎప్పుడు వచ్చింది, ఎటునుంచి వచ్చింది అన్న విషయాల్లో పాఠం మౌనంగా ఉంది. గడియలు విరిగినట్లు, తలుపు తెరుచుకున్నట్లు ఒక్క మాట కూడా లేదు.

దీనికి ఎదురు సాక్ష్యం ఒకటుంది, దాన్ని దాచకూడదు. ముగింపులో ఆ మృత్యువు రాత్రివేళ దొంగలా వచ్చిందని కథకుడు అంటాడు. ఇది బైబిల్‌లో ప్రభువు దినం గురించి చెప్పే పోలిక. ఈ వాక్యం బయటినుంచి రాకను సూచిస్తున్నట్లే ఉంది. అయితే ఆ పోలికలోని బలం ఎవరికీ తెలియకుండా రావడంలో ఉంది. వచ్చిన వేళ ఎవరికీ తెలియదన్నది ఆకారాన్ని అప్పటివరకు ఎవరూ గమనించలేదన్న ముందరి మాటకు విరుద్ధం కాదు.

7. ఆగంతకుడు: రెండు పొసగని వివరాలు

మొదటిది వ్యవధికి సంబంధించినది. రోగం మొదలై ముగిసేందుకు అరగంట పడుతుందని కథ తొలి పేరా చెబుతుంది. రాజు మాత్రం ఆకారం తనవైపు తిరగగానే ఒక్క కేక పెట్టి నల్ల తివాచీపై కూలిపోతాడు. అతని శరీరంపై రక్తపు మచ్చల ప్రస్తావన లేదు. అంతకుముందు ఆకారాన్ని చూసినప్పుడు కోపంతో అతని నుదురు ఎర్రబడిందని మాత్రం ఉంది. రోగం అప్పటికే మొదలైందనడానికి దాన్ని సూచనగా తీసుకోవచ్చు, కోపవర్ణనగా వదిలేయనూవచ్చు. రెంటిలో దేన్నీ పాఠం ఖాయం చేయదు.

రెండోది, గడియారం నీడలో ఆకారాన్ని పట్టుకున్నవారికి శవవస్త్రాల కింద, ప్రేతం మొహంవంటి ముసుగు కింద చేతికి తగిలే రూపమేదీ దొరకదు. జోసెఫ్ పాట్రిక్ రొప్పోలో 1963లో దీన్ని ఆధారం చేసుకుని, ఎర్ర మృత్యువంటే రక్తమే, అంటే జీవమేనని, పుట్టుకతోనే మనిషిలో ఉండే మరణమేనని వాదించాడు. రక్తాన్ని బయటపెట్టి గోడ కట్టుకోవడం ఎవరికీ సాధ్యం కాదన్నది ఆ వాదన సారం. పైన చూసిన దీపాల వివరం, పన్నెండు గంటల వివరం ఈ వ్యాఖ్యకు బలమిస్తాయి. అంతమాత్రాన ఇదొక్కటే సరైన అర్థమనడం తొందరపాటు. ప్రజలను గాలికొదిలి విందుచేసుకున్న పాలకుడికి పడిన శిక్షగా కథను చదవడానికీ తొలి పేరాల్లో ఆధారం ఉంది. బయటి లోకం తన సంగతి తాను చూసుకుంటుందన్న రాజు బృందపు ధీమాను పో ఊరికే చెప్పి ఉండడు.

ఇక్కడే మరో చిక్కుంది. అందరూ చనిపోతే కథ చెబుతున్నదెవరు? కథకుడు రెండు మూడు చోట్ల 'నేను' అన్న ఉత్తమపురుషలో మాట్లాడతాడు. లియోనార్డ్ కసూటో 1988లో కథకుడు మృత్యువేనని ప్రతిపాదించాడు. ఆలోచించదగ్గ ప్రతిపాదనే. కాని ఆ కాలపు కథల్లో సర్వసాక్షి అయిన కథకుడు కూడా అప్పుడప్పుడు 'నేను' అనడం మామూలే. కనుక దీన్ని అవకాశంగానే ఉంచడం మంచిది.

8. పో సిద్ధాంతం ఏమంటోంది

అన్యాపదేశంపై పోకు సదభిప్రాయం లేదు. 1847 నవంబరు 'గోడీస్ లేడీస్ బుక్'లో హాథార్న్‌పై రాసిన వ్యాసంలో ఆ ప్రక్రియను గట్టిగా తోసిపుచ్చాడు. ఒక్క మినహాయింపు ఇచ్చాడు. సూచితార్థం పైకి తేలకుండా, చాలా లోతున ప్రవహిస్తూ, పైఅర్థానికి అడ్డురాకుండా ఉంటే దానికి చోటుందన్నాడు. 1842 మే సమీక్షలోనే, చిన్న కథ ఒకే ప్రభావాన్ని లక్ష్యంగా పెట్టుకుని ప్రతి వాక్యాన్నీ దానికి అనుగుణంగా నడపాలన్నాడు. ఆ సమీక్షా, ఈ కథా ఒకే సంచికలో ఉన్నాయి.

ఈ మాటలను కథకు తాళంచెవిగా వాడటంలో ప్రమాదముంది. 1847 నాటి అభిప్రాయం 1842లోనూ అంతేనని నిరూపించలేం. పైగా రచయిత సిద్ధాంతం, రచన ఎప్పుడూ ఒకటిగా నడవవు. అయినా గదుల రంగులకు ఒక్కొక్క అర్థం అంటగట్టే పద్ధతి, పో తిరస్కరించిన తరహా అన్యాపదేశానికే దగ్గరగా ఉంది. దీపాలు, గంటలు, ఖాళీ ముసుగు కలిసి ఇచ్చే అర్థం అతను అంగీకరించిన తరహాకు దగ్గరగా ఉంది.

9. తేలిన అంశాలు

పై పరిశీలననుంచి, విశ్వసనీయత తగ్గే క్రమంలో, ఈ అంశాలు నిలుస్తాయి.

(అ) గడియారం, తూర్పునుంచి పడమరకు దారి, ఏడో గదిలో తప్పించిన రంగు నియమం: ఇవి ప్రతీకలన్నది పాఠం బలంగా సమర్థించే విషయం.

(ఆ) 'టెంపెస్ట్', 'ఎర్నానీ', హాథార్న్ కథ: వీటి ప్రభావం చాలా సంభావ్యం. 1832 కలరా వార్త సంభావ్యం. వర్జీనియా అనారోగ్యం కథకు నేపథ్యం కావచ్చు, అర్థం అని చెప్పలేం.

(ఇ) మొదటి ఆరు రంగులకు విడివిడి అర్థాలు: ప్రస్తుత ఆధారాలతో నిలబడవు.

(ఈ) కథకుడే మృత్యువు: కొట్టిపారేయలేం, నిరూపించలేం.

వీటిని కలిపి చూస్తే ఒక నిర్ధారణకు, తగిన జాగ్రత్తతోనే, రావచ్చు. ప్రాస్పెరో మృత్యువును బయట ఆపడంలో విఫలమయ్యాడన్నది కథలో సగమే. దాని రంగును అద్దాల్లోనూ, దాని గంటను గోడ దగ్గరా తన ఆదేశంతోనే లోపల అమర్చుకుని, ఆ గదివైపు వెళ్ళకుండా ఉండటాన్ని అతని బృందం రక్షణ అనుకుంది. పన్నెండు దెబ్బలు వారికి ఇచ్చింది ఉన్నదాన్ని చూసేందుకు కాస్త ఎక్కువ వ్యవధి. రంగుల పట్టిక కంఠస్థం చేసిన పాఠకుడికి ఆ అర్ధరాత్రి వాక్యం తప్పిపోయే ప్రమాదముంది. అందువల్ల ఈ కథను బోధించేవారు, అనువదించేవారు గదుల వరుసకన్నా ముందు అర్ధరాత్రి పేరాను మాట మాటా పట్టి చదవడం అవసరం. 'వచ్చింది' అని రాయవలసిన చోట పో 'గమనించారు' అని ఎందుకు రాశాడన్న ప్రశ్నే ఈ కథలోని అన్యాపదేశానికి సరైన ప్రవేశమని ఇంతవరకు దొరికిన ఆధారాలు సూచిస్తున్నాయి.